మొదటి కూత

మా బడికి రెండు గంటలు.
ఒకటి నేనే కొట్టే రైలుపట్టా ముక్క.
రెండోది చీమకుర్తి క్వారీలో మధ్యాహ్నం మోగే సైరన్.
మొదటిదాన్ని పిల్లలు లెక్కచెయ్యరు.
రెండోదానికి ఒకటో తరగతి వాళ్ళు కూడా
నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని ఆగుతారు.

మూడు కూతలు.
మూడోది ఆగాక నేల ఒకసారి దగ్గుతుంది.
కిటికీ ఊచలు గొణుగుతాయి,
గుణింతాల చార్టు ఒక మేకు వదిలేసి వేలాడుతుంది,
మంచినీళ్ళ కుండలో వలయాలు పుడతాయి.

ఆరోజు గుడ్డు.
మాలకొండయ్య గుడ్డు జారి మట్టిలో పడింది.
పక్కనున్న సుభానీ నవ్వాడు.
అంతే, స్టీలు పళ్ళెం లేచింది.
సుభానీ కనుబొమ్మ నుంచి
తెల్లన్నంలోకి నాలుగు ఎర్ర చుక్కలు.

కోపమొస్తే పది లెక్కపెట్టమన్నాను, ట్రైనింగులో చెప్పినట్టే.
మాలకొండయ్యకి ఆరు తర్వాత ఎనిమిది.
ఏడు ఏదిరా అని ఎవడో అడిగితే
వాణ్ణీ కొట్టాడు.
కళ్ళు మూసుకుని గాలి పీల్చమన్నాను.
"మూసుకుంటే సుభానీగాడు నవ్వతా కనపడతన్నాడు టీచర్" అన్నాడు.
నా దగ్గర ఇంకేం లేవు.

మర్నాడు సైరన్ మోగేటప్పుడు
కుండ దగ్గర ఒక్కడే కూర్చుని ఉన్నాడు.
వాళ్ళ నాన్న గుంతలో డ్రిల్లింగు.
"మొదటి కూత ఎవరికిరా?"
"లోపలున్నోళ్ళకి టీచర్. పైకి రమ్మని.
రెండోది రోడ్డు మీద లారీలోళ్ళకి."
"మరి నువ్వు కొట్టేముందు ఏం మోగుద్ది?"

చాలాసేపు కుండలోకి చూశాడు.
"చెవులు కాలతాయి.
ఇక్కడ ఉండ కట్టుద్ది.
ఆ తర్వాత చెయ్యి నాది కాదు."

ఆ మధ్యాహ్నం ఎక్కాలు చెప్పలేదు.
ఎవరి మొదటి కూత ఎక్కడో వెతుక్కున్నాం.
ఏస్తేరుకి ముక్కుపుటాలు.
ఒడిశా నుంచొచ్చిన బినోద్‌కి మాట రాదు,
బొటనవేలితో నేల తవ్వి చూపించాడు.
సుభానీ, నుదుటి మీద ప్లాస్టరుతో, లేచి నిలబడ్డాడు.
"నాకు భయమేస్తే నవ్వొచ్చుద్ది టీచర్.
మా తాత చచ్చిపోయినప్పుడు కూడా వచ్చింది.
అందరూ తిట్టారు."
మాలకొండయ్య తల తిప్పి
ఆ ప్లాస్టరు వైపు చూశాడు.
నేనేమీ అనలేదు.

కూత వినపడగానే గుంతలోంచి పైకి రావాలి.
పైకి అంటే కుండ దగ్గరికి.
ఒక గ్లాసు నీళ్ళు, గుటక గుటకకీ ఆగి తాగాలి.
ఎవరూ ఎందుకని అడగకూడదు.

అన్నిసార్లూ కుదరలేదు.
ఒకసారి ఆ గ్లాసుతోనే కొట్టాడు.
ఇంకోసారి వరసగా నాలుగు గ్లాసులు తాగి
కొట్టకుండానే ఒంటేలుకి పరిగెత్తాడు.
ఆరోజు రిజిస్టరులో హాజరు పక్కన
నాకు మాత్రమే తెలిసే ఒక చుక్క పెట్టుకున్నాను.

శ్రావణంలో ఒక శుక్రవారం.
మరుగుదొడ్డి ఫొటో ఎక్కలేదని మండలాఫీసు నుంచి మూడోసారి ఫోను.
అవతలివాడు ఏకవచనంలో మాట్లాడాడు.
ఫోను పెట్టి వెనక్కి తిరిగితే
రిజిస్టరు మీద బినోద్ ఒంపిన సిరా.
స్కేలు ఎప్పుడు తీశానో తెలీదు.
ఎత్తింది నా చెయ్యేనా, అదీ తెలీదు.

వెనక బల్ల నుంచి
సన్నగా, నోటికి దోసిలి అడ్డం పెట్టుకుని,
"ఊఁ... ఊఁ..."

క్లాసు క్లాసంతా ఊపిరి బిగబట్టింది.
బినోద్ వేలు నేల తవ్వుతోంది.
నా చెవులు కాలుతున్న సంగతి
నాకంటే ముందు వాడికెలా తెలిసింది?

మాలకొండయ్య రెండు చేతులా గ్లాసు పట్టుకొచ్చాడు,
సగం దారిలో ఒలికిపోయింది.
ఎందుకని వాడు అడగలేదు.
తాగబోతుంటే క్వారీది మోగింది,
ఒకటి, రెండు, మూడు.
గ్లాసులో వలయాలు.
అవి అంచులకి తగిలి, తిరిగొచ్చి, మెల్లగా సద్దుమణిగేదాకా
ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

చార్టు మళ్ళీ జారింది.
ఈసారి మేకు పొడుగుది తేవాలి.